పై ఫ్యూజు

రోడ్డు వెడల్పు చేస్తామని మునిసిపాలిటీ వాళ్ళు మా పాత ఇంటి మీద ఎర్రరంగు గీత గీసి పోయారు. ఆ గీత అరుగు దాటి, ముందరి గదిని సగానికి కోస్తూ పోయింది. సగం ఇల్లు ఏం చేసుకుంటామని మొత్తం అప్పజెప్పేశాం. కూల్చే రోజున నేనూ నా కూతురూ హన్మకొండ నుంచి ఆటోలో వచ్చి, ఎదురింటి ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. చూడకపోతే కొంప మునిగేదేమీ లేదు. అయినా వచ్చాం.

కుర్చీలు ఎదురింటి పెద్దమ్మవి. ఎనభై అయిదు దాటాయేమో ఆమెకు. చూపు తగ్గింది కానీ నోరు తగ్గలేదు. రోడ్డుకు ఆ పక్కన ఉండటం వల్ల ఆమె ఇల్లు గీతకు చిక్కలేదు. బతికినన్నాళ్ళూ ఆమెకు అన్నీ అట్లాగే కలిసొచ్చాయి.

పనివాళ్ళు తలుపు పక్క గోడను గడ్డపారలతో పెకిలిస్తుంటే ఒక చెక్కపెట్టె ఊడి కింద పడింది. మూరెడు పొడవు ఉంటుంది. దానికి తుప్పు పట్టిన తాళం. కరెంటు వాళ్ళు మీటరును బయటి గోడకు మార్చి చాలా ఏళ్ళయింది. పాత బోర్డు మాత్రం ఆ పెట్టెలోనే ఉండిపోయింది. ఆ తాళం మా ఇంట్లో ఎవరూ తీయలేదు. అమ్మ అసలే తీయలేదు.

పెద్దమ్మ కళ్ళు చికిలించి చూసింది. "గా పెట్టెకేగద మీ నాయిన తాళమేసింది," అని నాతో అని, నా కూతురి వైపు తిరిగింది. "మీ అమ్మమ్మ జేసిన పనికి బిడ్డా."

"అమ్మమ్మ ఏం చేసిందమ్మా?" అని నా కూతురు నన్ను అడిగింది.

ప్రశ్న చిన్నదే. జవాబు ఇంకా చిన్నది. ఆ జవాబు తెలిసిన మనుషుల్లో, నాకు తెలిసినంతలో, బతికి ఉన్నది నేనొక్కదాన్నే. నేనేం చెప్పానో చివర చెబుతాను. ముందు ఆ పెట్టెలో ఉన్నదేమిటో చెప్పాలి.

ఇప్పుడు ఇంట్లో కరెంటు ఎక్కువైతే నల్లటి మీట ఒకటి టక్కుమని కిందికి పడుతుంది. దాన్ని పైకి నెడితే చాలు. మా చిన్నతనంలో అట్లా కాదు. తలుపు పక్కన చెక్క బోర్డు, బోర్డు నడుమ మీటరు, మీటరుకు పైన ఒక పింగాణి ఫ్యూజు, కింద ఒక పింగాణి ఫ్యూజు. కరెంటు ఆఫీసులో వాటిని కటౌట్లు అనేవాళ్ళు. తెల్లగా, సబ్బుబిళ్ళంత ఉండేవి. పట్టుకుని గుంజితే ముందరి ముక్క ఊడి చేతికొస్తుంది. దాని వెనక రెండు ఇత్తడి బిళ్ళలు, ఆ రెంటి మధ్య వెంట్రుకంత సన్నని తీగ. కింది ఫ్యూజు ఇంటివాళ్ళది. తీగ కాలిపోతే మనమే కట్టుకోవచ్చు. పైది సర్కారుది. దానికి సీసం సీలు వేసి ఉంటుంది, అది పోతే లైన్‌మన్ రావాల్సిందే. మా ఇంటి కథంతా ఈ పైదానికీ కిందిదానికీ ఉన్న తేడాలోనే ఉంది.

మా నాయన డోర్నకల్‌లో రైల్వే ఫిట్టరు. రైలు పెట్టెల్లో లైట్లూ ఫ్యాన్లూ బాగు చేసే పని. శనివారం సాయంత్రం ప్యాసింజరుకు వచ్చి, సోమవారం పొద్దున బండికి పోయేవాడు. ఊళ్ళోవాళ్ళకు గాలీ వెలుతురూ ఇచ్చే మనిషి ఇంట్లో, ఫ్యూజు పోతే శనివారం దాకా కందీలే, అంటే లాంతరే, గతి. గ్యాసునూనె వాసనకు నాయనమ్మ దగ్గుతూ, "దీపం కిందనే చీకటంటె గిదే," అని సణిగేది. నాయనమ్మ అంటే మా నాయన తల్లి. ఆమె, అమ్మ, నేను, ఇంతే ఆ ఇంట్లో ఉండేవాళ్ళం.

మా వాడకు వచ్చే లైన్‌మన్ పొడుగ్గా, ఎండకు కమిలిన ముఖంతో ఉండేవాడు. ఖాకీ చొక్కా, సైకిలు, భుజాన తోలు సంచి. కుడి చేతి చిటికెన వేలు ఎప్పుడో షాకు కొట్టి వంకరపోయింది. అమ్మకంటే రెండు మూడేళ్ళు చిన్న. అమ్మను అక్కా అనేవాడు, అమ్మ అతన్ని తమ్మీ అనేది. ఒక వానాకాలం మా కింది ఫ్యూజు వారంలో రెండుసార్లు పోయింది. రెండోసారి అమ్మ కబురు పెడితే వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, గిది నా పని గాదు. మీ ఇంటి ఫ్యూజు. ఎన్నిమాట్ల రావాలె? జర నేర్సుకో. ఓ గడియ పని."

"నేనా? షాకు గొడ్తె?"

"ఏం ఫికర్ లేదు. పీటేసుకొని నిలవడు. బావ రబ్బరు చెప్పులు తొడుక్కో. ఎడమ చెయ్యి నడుమెనుక వెట్టుకో, ఒక్క చేత్తోనే గుంజు. ఇగ తీగ ఒక్కటే పోగెయ్యాలె. రెండు పోగులేస్తె ఫ్యూజు మిగుల్తది, ఇల్లు పోతది."

అమ్మ అయిదో తరగతి దాకా చదివింది. ఆమెకు ఆ నాలుగు మాటలు ఒక్కసారి వింటే చాలింది. పీట వేసుకుని, నాయన చెప్పులు తొడుక్కుని, ఎడమ చెయ్యి వెనక్కి పెట్టి, కుడి చేత్తో గుంజింది. కాలిన తీగ ముక్కలు తీసేసి, పింగాణికి పట్టిన మసిని కొంగుతో తుడిచి, కొత్త పోగు చుట్టి మళ్ళీ గుచ్చింది. బల్బు వెలిగింది. అప్పుడు చూడాలి అమ్మ ముఖం! నాయనమ్మ మాత్రం, "చెప్పులేసుకొని ఇంట్ల తిరుగుతాంది. లచ్చిమి నిలుస్తదా ఈ ఇంట్ల?" అని మూతి తిప్పింది.

మూడు నెలలు తిరిగేసరికి వాడలో ఆరేడు ఇళ్ళ ఫ్యూజులు అమ్మే కట్టేది. ఒక బిస్కట్ డబ్బా, అందులో తీగ చుట్టిన అట్టముక్క, టెస్టరు, చిన్న కత్తెర. "చిన్నమ్మా, మా ఇంట్ల కరెంటు వోయింది, మా అమ్మ రమ్మంటాంది," అని ఎవరి పిల్లలో వస్తే డబ్బా చంకన పెట్టుకుని బయల్దేరేది. వెనకాల నేను, పీట మోసుకుంటూ. పైసలు ముట్టేది కాదు. మర్నాడు ఏ ఇంటి నుంచో ఒక సర్వపిండి వచ్చేది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఎల్లిపాయ, కరివేపాకు కలిపి గిన్నె అడుగున అద్ది కాలుస్తారే, అది. ఆ వాసనా, కాలిన ఫ్యూజు ఘాటూ రెండూ కలిస్తే నాకు అమ్మ వాసన. ఇప్పటికీ ఎక్కడైనా వైరు మాడిన కంపు కొడితే నా నోట్లో నీళ్ళూరతాయి. బయటికి చెబితే పిచ్చిదనుకుంటారు.

ఎదురింటి పెద్దనాయన, అంటే ఈ పెద్దమ్మ భర్త, ధాన్యం మార్కెట్‌లో గుమాస్తా. వాడలో పెద్దమనిషి. ఆడమనిషిని పిలిచి ఫ్యూజు కట్టించుకోవడం ఆయనకు నామోషీ. సైకిలు బ్రేకు తీగలోని పోగులు నాలుగు మెలేసి తనే గుచ్చుకున్నాడు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం వాళ్ళ బోర్డు పొగలు కక్కింది. పెద్దమ్మ వీధిలోకి వచ్చి లబోదిబోమంది. అమ్మ చెప్పులు తొడుక్కుని పరుగెత్తి మెయిన్ స్విచ్చు ఆపింది. సున్నం గోడ మీద అప్పటికే దూలం దాకా నల్లటి చార లేచింది. ఇంకాసేపయితే దూలమే అంటుకునేది. చల్లారాక అమ్మ ఫ్యూజు గుంజి చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.

"గిదేంది బావా, ఫ్యూజుకు సైకిలు బ్రేకేస్తిరి! ఒక్క పోగుంటె సాలుగద."

చుట్టూ చేరిన ఆడవాళ్ళు పకపకా నవ్వారు. పెద్దమ్మ కూడా నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆ తర్వాత చాన్నాళ్ళు వాడలో పిల్లలు ఆయన వెనకాల "బ్రేకు, బ్రేకు" అని అరిచి పారిపోయేవాళ్ళు. అరిచిన వాళ్ళలో ముందు నేను. ఇల్లు కాలకుండా కాపాడినందుకు ఆయన అమ్మకు ఏం చేశాడో ముందు ముందు మీకే తెలుస్తుంది.

అమ్మకు పని వచ్చాక లైన్‌మన్ మా ఇంటికి రావడం తగ్గింది. అది నాకు నచ్చలేదు. అతను వస్తే నాకు పండగ. మిగిలిన అల్యూమినియం తీగతో నాకు చిన్న సైకిలు చేసి ఇచ్చాడు, దాని చక్రాలు నిజంగా తిరిగేవి. స్తంభాల కథలు చెప్పేవాడు, ఏ స్తంభం మీద కాకి గూడు కట్టింది, ఏ స్తంభానికి పాము పాకింది. ఇవన్నీ పైకి చెప్పుకునే కారణాలు. అసలు సంగతి ఏమిటంటే, అతను వచ్చిన రోజున అమ్మ నవ్వేది. నాయన ఉన్న రెండు రోజులూ అమ్మ వంట చేసేది, ఉతికేది, అడిగినదానికి జవాబు చెప్పేది. మిగతా రోజులు నాయనమ్మ సణుగుడు వింటూ ఊరుకునేది. మాటకు మాట తగిలించి గొంతెత్తి నవ్వడం ఆ అరుగు మీదే చూశాను.

ఆ ఏడు మాఘంలో అతనికి మేడారం జాతర డ్యూటీ వేశారు, అడవిలో గుంజలు పాతి లైట్లు కట్టే పని. తిరిగొచ్చాక మా అరుగు మీద కూర్చుని బంగారం పొట్లం విప్పాడు. సమ్మక్కకు ఎక్కించే బెల్లాన్ని మేము బంగారమే అంటాం. నాకు పిడికెడు గడ్డ ఇచ్చాడు.

"అక్కా, జనం నడుమ ఉన్నట్టుండి లైట్లన్ని బందయినయ్. ఒక్కలు గూడ భయపడలే. అందరు ఒక్కపారె సమ్మక్క తల్లీ అన్నరు. నాకైతె పానం జల్లుమన్నది."

"మరి ఫ్యూజు ఎవలు కట్టిండ్రు తమ్మీ? సమ్మక్కనా?"

ఇద్దరూ నవ్వారు. బెల్లం నోట్లో పెట్టుకుని నేనూ నవ్వాను.

మా అరుగు పక్క గోడ గూట్లో పిడి విరిగిన పింగాణి కప్పు ఒకటి ఉండేది. అతను వస్తే అందులోనే టీ. తాగి, తనే కడిగి, అక్కడే బోర్లించి పోవాలి. అతని కులం ఏమిటో నాకు ఎవరూ చెప్పలేదు. ఆ కప్పే చెప్పింది. జాతర నుంచి వచ్చిన ఆ రోజు అమ్మ మా స్టీలు గ్లాసులో టీ పోసి ఇచ్చింది. అతను గ్లాసును చూశాడు, అమ్మను చూశాడు, తాగాడు. అతను పోయాక నాయనమ్మ ఆ గ్లాసును మూడుసార్లు బూడిద పెట్టి తోమింది.

ఆ రోజే అతను మీటరు చూస్తూ పై ఫ్యూజు సీలు తెంపాడు. సంచిలో కొత్త సీలు లేదు. "మల్ల వచ్చినప్పుడు ఏస్త," అని దారంతో కట్టి పోయాడు. ఆ దారం నా కళ్ళబడింది.

వారం తర్వాత అమ్మ నల్లా దగ్గరికి నీళ్ళకు పోయింది. నాయనమ్మ కునుకు తీస్తోంది. నేను పీట వేశాను. నాయన చెప్పులు తొడుక్కున్నాను. ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను. దారం విప్పి పై ఫ్యూజు గుంజి, అమ్మ కత్తెరతోనే తీగను మధ్యకు కోసి, మళ్ళీ గుచ్చి దారం కట్టేశాను. భయం వేయలేదు. అమ్మ బిడ్డను కదా, నాకూ ఒక్కసారి చూస్తే చాలింది.

సాయంత్రం స్విచ్చు వేస్తే బల్బు వెలగలేదు. అమ్మ కింది ఫ్యూజు తీసి చూసింది, బాగానే ఉంది. "పైది వోయినట్టున్నది. సర్కారోళ్ళది మనం ముట్టద్దు. లైన్‌మన్‌ను పిలుసుకరాపో," అంది. రెక్కలు కట్టుకున్నట్టు ఉరికాను.

అతను వచ్చి ఫ్యూజు గుంజి, తీగ కొసలు చూసి, అమ్మకు చూపించాడు. ఇద్దరూ తలుపు చాటున ఉన్న నా వైపు చూశారు.

"ఎలుక కొరికినట్టున్నదక్కా."

"మా ఇంట్ల ఒక్కటే ఎలుక తమ్మీ. గని షానా తెలివిగల్లది."

ఇద్దరూ నవ్వుకున్నారు. టీ అయింది, కబుర్లు అయ్యాయి. పెద్దవాళ్ళను మోసం చేయడం ఇంత సులువా అనుకున్నాను. సీలు మాత్రం అతను మళ్ళీ మరిచిపోయాడు. ఉగాదికి ముందు ఒకసారి, మామిడికాయ తొక్కు పెట్టే రోజుల్లో ఒకసారి, ఎండలు ముదిరాక ఇంకో రెండుసార్లు కోశాను. కత్తెర ఎప్పుడూ ఆ డబ్బాలోనే, ఆ చోటనే ఉండేది. అమ్మ దాన్ని దాచిపెట్టలేదు. ఎందుకు దాచలేదో పదేళ్ళ బుర్రకు తట్టలేదు.

ఎదురింటి అరుగుకు మాత్రం అన్నీ తట్టాయి. పెద్దనాయన వచ్చీపోయేవాళ్ళను ఆపి, "వాడకట్టుల ఎవలింట్ల పై ఫ్యూజు పోతలేదు. గా ఒక్క ఇంట్లనే పోతాంది, ఏందో మరి," అనేవాడు. పెద్దమ్మ మా నాయనమ్మ పక్కన కూర్చుని వత్తులు చేస్తూ, "అక్కా తమ్మీ అనుకుంటనే అన్నీ అయితయత్తా. స్టీలు గ్లాసుల చాయ్ గూడ అయిపాయె," అనేది. మా ఇంటి గ్లాసు సంగతి ఆమెకు ఎవరు చెప్పారు? నాయనమ్మే. వత్తులతో పాటు మాటలూ పేనారు ఆ ఇద్దరూ.

ఆ జ్యేష్ఠంలో ఒక శుక్రవారం మళ్ళీ కోశాను. పిలవడానికి పోతే లైన్‌మన్ లేడు, వేరే ఊరికి డ్యూటీ మీద పోయాడన్నారు. శనివారం నాయన వచ్చేసరికి ఇంట్లో కందీలు వెలుగుతోంది. నాయనమ్మ కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిస్తూనే చెవిలో పోయాల్సింది పోసేసింది.

ఆదివారం పొద్దున నాయన బోర్డు దగ్గరికి వచ్చాడు. కబురు పెట్టినట్టే పెద్దనాయన, ఇంకో ఇద్దరు మగవాళ్ళు మా గడపలో చేరారు. వాళ్ళ వెనక పెద్దమ్మ. అమ్మ అప్పుడే సర్వపిండి దించింది. అందులో ఒక ముక్క నా చేతిలో ఉంది, అందుకే నాకు అంత బాగా గుర్తు.

నాయన పీట వేయలేదు, చెప్పులు తొడగలేదు. ఒక్క గుంజుతో పై ఫ్యూజు తీశాడు. వెలుతురుకు తిప్పి చాలాసేపు చూశాడు.

"గిది కాలలే," అన్నాడు. "కాలిన తీగ కొసలకు గుండ్లు గడ్తయి. పింగాణికి మసి వడ్తది. గిది కత్తెరతోటి కోసిండ్రు."

పెద్దనాయన గొంతు సవరించుకున్నాడు. "నేను జెప్తె నమ్మకపోతివి తమ్మీ."

నాయన అమ్మ వైపు తిరిగాడు. "ఈ ఇంట్ల ఫ్యూజు గుంజుడు ఎవలకొస్తది?"

అమ్మకు వస్తుంది. వాడంతా ఎరిగిన సంగతే. మొన్నటిదాకా ఆమెకు విలువ తెచ్చిన పనే ఆ పొద్దున మెడకు చుట్టుకుంది. లైన్‌మన్‌ను రప్పించుకోవడానికి తనే తీగ కోసుకుందని గడపలో నిలబడ్డ అందరి ముఖాల మీదా రాసి ఉంది.

అమ్మ నా వైపు చూసింది. ఒక్కసారే. బతిమాలలేదు, బెదిరించలేదు. చెబుతావా అని అడిగినట్టు చూసింది అంతే. నా నోట్లో సర్వపిండి ముక్క ఉంది. నేను నమలడం మొదలుపెట్టాను. నమిలాను, మింగాను, చేతిలో ఉన్నది ఇంకో ముక్క కొరికాను. నోరు ఖాళీ అయితే మాట్లాడాల్సి వస్తుందని నాకు తెలుసు. చిన్నపిల్లను, తెలియక ఊరుకున్నానని ఇన్నేళ్ళలో నాకు నేను చెప్పుకోని రోజు లేదు. అబద్ధం. తెలిసే ఊరుకున్నాను.

అమ్మ తల దించుకుంది. నాకెర్క లేదు అని కూడా అనలేదు.

నాయన ఒక్క దెబ్బ కొట్టాడు. అంతకు ముందు కొట్టిన మనిషి కాదు, ఆ తర్వాతా కొట్టలేదు. అంతకంటే గట్టి పని చేశాడు. మధ్యాహ్నానికల్లా వడ్రంగం చేసే వడ్ల ఆయనతో ఒక చెక్కపెట్టె చేయించి తెచ్చాడు. రెండు ఫ్యూజులకూ తన చేత్తో తీగ కట్టి, బోర్డు మీద ఆ పెట్టె బిగించి, తాళం వేశాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. అమ్మ బిస్కట్ డబ్బాను వీధి మోరీలో పారేశాడు. సోమవారం పొద్దున బండికి తాళంచెవి కూడా డోర్నకల్ పోయింది.

మా వాడ మగవాళ్ళు సంతకాలు చేసి అర్జీ పెట్టారు. లైన్‌మన్‌ను అడవి దిక్కు ఎక్కడికో మార్చారని విన్నాం. పోయేముందు అతను మా ఇంటికి రాలేదు. ఒకరోజు పొద్దున చూస్తే గూట్లో పిడి విరిగిన కప్పు బోర్లించి లేదు, వెల్లకిలా ఉంది. అందులో కాగితం పొట్లం, పొట్లంలో బెల్లం. నాయనమ్మ దాన్ని ఆవుకు వేసి, కప్పును పగలగొట్టింది. అతను ఏమయ్యాడో, ఎక్కడ ఉన్నాడో, ఇవాళ్టి వరకు నాకు తెలియదు.

తర్వాత మా ఇంట్లో సోమవారం ఫ్యూజు పోతే శనివారం దాకా చీకటే. పొద్దు మూకితే వాడంతా బల్బులు వెలిగేవి, మా ఒక్క ఇంట్లో కందీలు. అమ్మ ఆ పెట్టె కిందనే చాటలో బియ్యం పెట్టుకుని ఏరేది, ఒక్కసారి తలెత్తి దాని వైపు చూసేది కాదు. రెండు నిమిషాల్లో కట్టగలిగిన తీగ తలపైనే ఉంది, ముట్టుకోవడానికి లేదు. ఎదురింటి పిల్లవాడు ఒకసారి తెలియక, "చిన్నమ్మా, మా ఇంట్ల కరెంటు వోయింది," అని వస్తే, పెద్దమ్మ వెనకనే వచ్చి వాణ్ణి రెక్క పట్టి ఈడ్చుకుపోయింది. పరీక్షలప్పుడు కందీలు ముందు చదువుకుంటూ నేను కళ్ళు నులుముకుంటే, అమ్మ వత్తి కొంచెం పెంచి పోయేది. ఒక్క మాట అనలేదు. ఒక్కసారైనా తిట్టి ఉంటే నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకునేదాన్ని.

నాయన రిటైరై ఇంటికొచ్చాడు, మీటరు బయటి గోడకు మారింది, నాయనమ్మ పోయింది, పెద్దనాయన పోయాడు. పెట్టె మాత్రం గోడకు అట్లాగే ఉంది. నాయన పోయిన రోజు మొలతాడు తీస్తే తాళంచెవి ఉంది. అమ్మ దాన్ని తీసుకుని బియ్యం డబ్బాలో వేసింది. పెట్టె తీయమ్మా అంటే, "ఏమున్నదాండ్ల," అంది.

నాయన పోయిన రెండేళ్ళకు అమ్మ మంచం పట్టింది. దవాఖాన నుంచి తెచ్చిన మూడో రోజో నాలుగో రోజో, జావ తాగిస్తూ నేను చెప్పాను. చెప్పడానికి నాకు ముప్ఫై ఏళ్ళు పైన పట్టింది.

"అమ్మా, ఆ తీగ నేనే కోసిన."

అమ్మ జావ మింగి, మూతి తుడుచుకుంది. "నాకెర్క లేదా బిడ్డా? మొదటి దినమే ఎర్క. ఆ లైన్‌మన్ తమ్మికి గూడ ఎర్కే."

"మరి కత్తెర దాచకపోతివి?"

"నాకు గూడ రెండు మాటలు మాట్లాడె మనిషి గావాల్నని ఉండె. గంతే. గంతకు మించి ఏం లేకుండె." జావ గిన్నె పక్కకు నెట్టింది. "మీ నాయిన అడిగినప్పుడు నీ పేరు జెప్తె నిన్ను కొడ్తుండె. అందుకే చెప్పలే. మల్ల అనుకున్న, కొట్టనియ్యకపోతినా అని. నీ దెబ్బ నాల్గొద్దులకు మానుతుండె."

నేను ఏడ్చాను. అమ్మ ఏడవలేదు.

"పదేండ్లప్పుడు చెప్పకపోతివి, సరే, పోరివి. ఇరవై ఏండ్లప్పుడేమయింది? పెండ్లయినంకనన్న చెప్పకపోతివి. మీ నాయిన బతికుండంగ ఒక్క మాట జెప్తె, నాతోని మంచిగ మాట్లాడి సస్తుండె. అందరు పోయినంక నాకు జెప్తానవ్. నాకెర్కున్నది నాకే జెప్తానవ్."

ఆ తర్వాత నీళ్ళు అడిగింది. ఇచ్చాను. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఆ నెలలోనే పోయింది.

కూల్చిన రోజు దగ్గరికి వస్తాను. పనివాడు తాళాన్ని సుత్తెతో ఒక్క దెబ్బ కొట్టి పెట్టె తెరిచాడు. బోర్డు మీది ఫ్యూజులు రెండూ గుంజి తెచ్చి నాకు చూపించాడు. కిందిది మసి పట్టి నల్లగా ఉంది. పైది తెల్లగా ఉంది.

"గిదైతె కొత్తదాని లెక్కనే ఉన్నదమ్మా. ఒక్కసారి గూడ కాలలే. పారెయ్యాల్నా?"

"అమ్మమ్మ ఏం చేసిందో చెప్పవేంటి?" అని నా కూతురు మళ్ళీ అడిగింది. పెద్దమ్మ చెవి ఇటు పెట్టింది. ఆమె వెనక ఆమె కోడళ్ళు, మనవలు, కూల్చేది చూడటానికి వచ్చిన సగం వాడ. అందరి ముందూ అమ్మను దోషిని చేసిన గడప ఎదురుగానే ఉంది, ఇంకా కూలలేదు. ఇంతకంటే మంచి అదును మళ్ళీ రాదు. కోసింది నేను. రెండు మాటలు.

"పాత ముచ్చట్లు, ఇప్పుడెందుకు," అన్నాను.

పెద్దమ్మ తల ఊపింది, తను చెప్పిందే ఖాయమైనట్టు. నా కూతురు ఫోను చూసుకుంది. పనివాడు ఫ్యూజులు రెండూ పాత సామాను బస్తాలో వేశాడు. మధ్యాహ్నానికి గడప కూడా పోయింది.

ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. మీరు గమనించే ఉంటారు, ఇందులో అమ్మ పేరు లేదు, లైన్‌మన్ పేరు లేదు, మా వాడ పేరు లేదు, నా పేరూ లేదు. అందరి పరువూ కాపాడానని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళ మంచితనం. నా కూతురు తెలుగు చదవదు, అదీ నాకు కలిసొచ్చింది. యాభై ఏళ్ళ కిందటి ఆ సర్వపిండి ముక్కను నేను ఇంకా నములుతూనే ఉన్నాను.